బ్యాగు వెనక చీర

ఆ ఎండకాలం ఒక్క లగ్గం గూడ కాలే.
అడ్వాన్సులన్ని వాపసిచ్చి
చౌటుప్పల్ల నా స్టూడియో షటర్
సగం ఎత్తి, సగం దించి కూసున్న.
అప్పుడొచ్చింది ఫోను, మందుల కంపెనీ నుంచి:
"కిట్లు పంచుతున్నాం. మనిషికొక ఫోటో. ఫోటోకు నలభై."

లగ్గాల కెమెరా, లగ్గాల లైటు
బండి మీదేస్కొని పోయిన.
వాగొడ్డు బడి ముందట సున్నంతోని గీసిన గుండ్రాలల్ల
ఊరు ఊరంత నిలవడ్డది.

పీఆర్ మేడం పేరు చందన. మంచి పిల్లే.
అందరికి సీసా నీళ్లు ఇప్పిచ్చింది,
ముసలోళ్లను నీడకు జరిపింది.
"మాస్కు కొంచెం కిందికమ్మా, నవ్వు కనబడాలి.
బ్యాగు పైకి. పేరు కెమెరా వైపు."

లారీల నూట ఇరవై బ్యాగులొచ్చినయి.
లిస్టుల మూడొందల పేర్లు.
ఇగ చివరికి ఒక్కటే బ్యాగు చేతులు మారింది,
కిరాయి గుర్రం ఒక్కటే
సీజనంత పెండ్లికొడుకుల మోసినట్టు.
మిగిలినోళ్లకు "రేపు" అన్నరు.

ఈదమ్మ వంతొచ్చింది.
చిన్ననాటి బాయినీళ్లు ఆమె కాళ్లను
కొడవండ్ల లెక్క వంచినయి.
బ్యాగు ఎత్తుమంటె మోచేతులు సాగయి,
బ్యాగు మీది పేరు నేలను చూస్తాంది.
మేడం ఒక్క నిమిషం ఆలోచన చేసింది.
భుజాల నిండ కంపెనీ కండువ కప్పింది,
బ్యాగుకు సుతిలి తాడు కట్టి మెడల ఏసింది.
"నడుము దాకా చాలు, కాళ్లు వద్దు," అన్నది నాతోని, మెల్లగ.

ఈదమ్మకు నవ్వొచ్చింది:
"నన్ను గూడ బస్త లెక్క కుట్టేస్తరా బిడ్డా?"
ఆ నవ్వుకే క్లిక్ కొట్టిన.

రాత్రి మెసేజు:
"వెనక వాగు ఎర్రగా పడింది. నీలంగా చేయగలరా?"
పడుడు కాదు మేడం,
మీ గోడ దాటినంక అది ఎర్రగనే ఉంటది
అని టైపు చేసి
తుడిపేసిన.
వాగును నీలం చేసిన. పావుగంట పని.
ఇంట్ల ఉప్పు గూడ అయిపోయిన దినం అది,
అయినా గిది సాకు అనే అనుకో.

పేపర్లొచ్చింది ఈదమ్మ, నీలి వాగు ముందట.
"కష్టకాలంలో మీకు తోడుగా" అని కింద అచ్చు.

మల్ల ఎండకాలం. సెకండ్ వేవు.
దవాఖానకు కంపెనీ ఇచ్చిన ఆక్సిజన్ సిలిండర్లు,
వాటి ఫోటోలు గూడ నేనే తీసిన.
మీటర్ మీదికి స్టిక్కరొస్తె జరిపి అతికిచ్చిన్రు.
ఈదమ్మ పోయిన తెల్లారి.

ఆమె కొడుకు లింగస్వామి షటర్ కొట్టిండు.
"దినాలకు ఫోటో గావాలె అన్నా.
ఆధార్ కార్డుల అమ్మను మేమే గుర్తు పడతలేం.
గా బ్యాగు ఫోటోనే మంచిగుంది. బ్యాగు తీసెయ్."

తీసేసుడు అల్కగ కాదు.
ఒక్కొక్క అక్షరం ఆమె ఎద మీదికెల్లి చెరిపిన.
తాడు చెరిపిన. కండువ చెరిపిన.
ముఖం మిగిలింది, దాని కింద తెల్లటి జాగ.
"ఆ దినం చీర ఏం రంగుది తమ్మీ?"

లింగస్వామి స్క్రీను దిక్కు చానసేపు చూసిండు.
చెల్లెకు ఫోన్ చేసిండు.
ఆమె ఏడ్చింది గని, ఆమెకూ యాదికి లేదు.

పాత ఫోల్డర్ తీసిన.
నీలం చేయక ముందటి ఫోటోల
వాగు ఎట్లున్నదో అట్లనే పారుతాంది.
అండ్లకెల్లి రంగు ముంచి
ఆమె భుజం నుంచి కిందికి మెల్లగ పూసిన.

లింగస్వామి కుర్సీల నుంచి లేసిండు.
"గిదేనే అన్నా! గిదే చీర."

నేనేం మాట్లాడలే.
ఫ్రేముకు పైసలు తీస్కోలే.
కంపెనీల నా బిల్లు ఇంక అట్లనే ఉన్నది,
మూడొందల ఫోటోలు, ఇంటు నలభై,
ఈదమ్మది కలుపుకొని.